దుప్పటికో మాట

మొదటి దుప్పటికే చేతులు తడబడ్డాయి. అటువైపు ఎడమ వదిన రెండు కొసలూ పట్టుకుని నిలబడింది, ఇటువైపు మూతక్క. ఒక్క విదుపు విదిలించి, కొసకు కొస కలిపి, ఎదురెదురుగా నడిచి వచ్చి అంచు వదిన చేతికి అందించాలి. వదినది ఎడమచేతి వాటం. ఆమెతో జత కట్టినవాళ్ళు అన్నీ తిరగేసి చెయ్యాలి. పదకొండు నెలల కిందట మూతక్క ఆ పని కళ్ళు మూసుకుని చేసేది. ఇప్పుడు ఒక కొస ఇవ్వబోయి ఇంకో కొస ఇచ్చింది. దుప్పటి మెలిపడింది. వదిన ఏమీ అనలేదు. మెలి విప్పి, మళ్ళీ తన కొసలు పట్టుకుని వెనక్కి నడిచింది.

ఏమీ అనకపోవడమే మూతక్కను భయపెట్టింది. వదిన నోరు ఊరికే ఉండే నోరు కాదు.

ఆసుపత్రి వెనకాల ఉన్న ఆ లాండ్రీలో ఇస్త్రీ రోలర్లు తిరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడి అరిచినా వినబడదు. అందుకే సూపర్వైజరు మెడలో ఈల వేసుకుని తిరుగుతాడు. అసలు పేరు పోయి ఈలాయన అయిపోయాడు. పని మధ్యలో మాట్లాడుకోకూడదని గోడ మీద ఇంత లావు అక్షరాలతో రాయించాడు కూడా. కానీ దుప్పటి మడతపెట్టేటప్పుడు ఇద్దరూ దగ్గరికొచ్చి చేతులు కలిసే క్షణంలో మొహాలు జానెడు దూరంలోకి వస్తాయి. అప్పుడు ఒక మాట పడుతుంది. ఒకే మాట. జవాబు కావాలంటే తర్వాతి దుప్పటి దాకా ఆగాలి. షిఫ్టుకి జంట చేతుల మీదుగా మూడొందల దుప్పట్లు పోతాయి. పనివాళ్ళ సంఘం అనేది ఆ హాల్లో పుట్టిందీ పెరిగిందీ ఆ మూడొందల మాటల మీదే. ఈలాయనకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, పాపం.

మూతక్క అన్న పేరు కూడా అప్పుడు వచ్చిందే. సబ్బుపొడి డబ్బా మూతని అర్జీ కాగితం మీద బోర్లించి, చుట్టూ గీసి, ఆ గీత వెంబడి అందరిచేతా పేర్లు రాయించేది. గుండ్రంగా రాస్తే ముందు రాసింది ఎవరో, వెనక రాసింది ఎవరో ఎవడూ కనిపెట్టలేడు. ఈసారి మాత్రం మూతా వద్దు, కాగితమూ వద్దు అని గట్టిగా అనుకునే పనిలోకి వచ్చింది. తల వంచుకుని దుప్పట్లు మడిచి, తల వంచుకుని ఇంటికి పోవాలి. అంతే.

ఆ అనుకోవడం సోమవారం మధ్యాహ్నం దాకా నిలబడింది.

పన్నెండు కావస్తుండగా మూటల బల్ల దగ్గర కేక వినబడింది. రోలర్ల మోతని దాటి వినబడిందంటే ఎంత కేకో అనుకోవాలి. వార్డుల నుంచి వచ్చిన మాసిన దుప్పట్ల మూటలు అక్కడే విప్పుతారు. ఆ పని చేసే అమ్మాయి, రెండు నెలలుగా చంటిపాపని తల్లి దగ్గర వదిలి వస్తున్న అమ్మాయి, కుడి అరచెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడింది. పలచటి గ్లౌజు చిరిగి, అరచేతిలో ఇంజెక్షను సూది వేలాడుతోంది.

ఇరవై ఆరుగురూ చూశారు. చూడకుండా ఉండడానికి అదేమైనా దాగే వస్తువా? ఈలాయన వచ్చి సూది పీకి చెత్తడబ్బాలో పడేశాడు. జేబులోంచి ఫారం తీసి అక్కడే బల్ల మీద రాశాడు. "ఇంట్లో బట్టలు కుట్టుకుంటుంటే గుచ్చుకుంది, అంతేనా? సంతకం పెట్టు."

"ఇక్కడే గుచ్చుకుంది కదండీ," అంది ఆ అమ్మాయి.

"ఇక్కడ గుచ్చుకుందని రాస్తే నీ అశ్రద్ధ అని రాయాల్సొస్తుంది. ఉద్యోగం ఉంటుందా?" ఆయన హాలంతా ఒకసారి కలియజూశాడు. "ఎవరైనా చూశారా?"

వదిన దుప్పటి అంచు సవరించుకుంది. రోలరు దగ్గరావిడ రోలరు వైపు చూసింది. మూతక్క కూడా దుప్పటి మూల ఉన్న ఆసుపత్రి ముద్ర వైపే చూసింది. ఆ ముద్రలో ఎన్ని అక్షరాలున్నాయో ఆ రోజు తెలుసుకుంది.

సాయంత్రం గేటు దాటాక ఆ అమ్మాయి వెనకాలే పరుగెత్తుకొచ్చింది. చేతికి కట్టు ఉంది. ఫారం మీద సంతకం పెట్టలేదట, ఆలోచించుకుంటానని జేబులో పెట్టుకుందట. "అక్కా, మూతక్క అంటే మీరేనటగా? ఆసుపత్రిలో నర్సమ్మని అడిగాను. ఆ సూది ఏ రోగిదో తెలీదు కాబట్టి మందు మొదలెట్టాలంట. మూడు రోజులు దాటితే ఇక పనిచెయ్యదంట. పనిలో గుచ్చుకుందని మేనేజరు సంతకం ఉంటేనే మందిస్తారంట. మేనేజరేమో గురువారం పొద్దున్న గానీ రాడంట."

మూతక్క రోడ్డుకి అటూ ఇటూ చూసింది. ఎవరైనా చూస్తున్నారేమో అని.

"అక్కా, పాపకి పాలివ్వచ్చా?" అంది ఆ అమ్మాయి. యూనిఫారం ముందువైపు రెండుచోట్ల తడిసి ఉంది. "నర్సమ్మ ప్రస్తుతానికి ఆపమంది. పొద్దున్నుంచీ ఇవ్వలేదు."

మూతక్క చూద్దాంలే అని మాత్రం అంది. ఆ మాట అన్నందుకు ఇల్లు చేరేదాకా తనని తాను తిట్టుకుంది. చూద్దాంలే అంటే చూస్తానని ఆ పిల్ల నమ్మేసింది మరి.

ఇంట్లో అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. కిందటేడు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను చూసుకోవాలనే మూతక్క పని మానేసింది. అందరికీ చెప్పింది అదే. అత్తగారు నాలుగు నెలలకి గోడ పట్టుకుని నడిచింది, అయిదో నెలకి గోడ కూడా వదిలేసింది. మిగతా ఆరు నెలలూ కోడలు ఇంట్లో ఎందుకు కూర్చుందో ఆమె అడగలేదు. అడగకుండానే అన్నీ కనిపెట్టే మనిషి.

సంగతంతా విని చాకు పక్కన పెట్టింది. "అయితే ఏం చేద్దామని?"

"నేనేం చెయ్యగలను అత్తయ్యా? మళ్ళీ పైకి పిలుస్తాడు. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెడతాడు."

పైన మేనేజరు గదిలో గోడ వైపు తిరిగి ఉండే కుర్చీ అది. పని మానేసిన రోజు మేనేజరు అందులో రెండు గంటలు కూర్చోబెట్టాడు. తిట్టలేదు, అరవలేదు. మీ పాప బడి నుంచి రెండో గేటు దగ్గరే కదా బస్సెక్కేది, అక్కడ వీధి దాటడం కష్టం, జాగ్రత్త అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు.

"నా తుంటి పేరు చెప్పుకుని ఆర్నెల్లు దాక్కున్నావు," అంది అత్తగారు. "నేనేమీ అనలేదు. ఇప్పుడిది గట్టిపడింది. ఇంకెవరి తుంటి విరగ్గొడదాం చెప్పు?"

మూతక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కూతురు హోంవర్కు పుస్తకంలోంచి తలెత్తి, ఏమైందని అడిగింది. ఏమీ లేదు, చదువుకో అని కసిరింది.

మంగళవారం పొద్దున్న నుంచే మొదలుపెట్టింది. చేతులు కలిసినప్పుడు, "ఆ పిల్ల కోసం కాగితం రాద్దాం వదినా," అంది.

వదిన మడత తీసుకుని వెనక్కి నడిచింది. తర్వాతి దుప్పటికి మాట రాలేదు. ఆ తర్వాతి దానికీ రాలేదు. పదో దుప్పటికి, "గురువారం మధ్యాహ్నంతో గడువు అయిపోతుంది," అంది మూతక్క. వదిన కళ్ళు ఆమె భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. పెదవులు బిగిసి ఉన్నాయి. కోపం అనుకుంది మూతక్క. కానీ మడత అందుకునేటప్పుడు వదిన వేళ్ళు తన వేళ్ళకి తగలకుండా జాగ్రత్తపడడం చూసింది. కోపం ఉన్నవాళ్ళు అలా చెయ్యరు.

భోజనాల వేళ డబ్బా పట్టుకుని అందరి మధ్యకి వెళ్ళి కూర్చుంది. ఇద్దరు తమ డబ్బాలు మూసి, కడుపులో బాగాలేదంటూ లేచిపోయారు. ఒకేసారి ఇద్దరి కడుపులూ పాడయ్యాయన్నమాట. రోలరు దగ్గరావిడ అన్నం కెలుకుతూ, "మీరెందుకొచ్చారండీ మళ్ళీ?" అంది. ఒకప్పుడు ఒసే అని పిలిచిన మనిషి అండీ అంటోంది.  మూతక్కని వాళ్ళు మేనేజరు గదిని చూసినట్టే చూస్తున్నారు. ఎందుకో అర్థం కాలేదు. అర్థం కాని భయం ఇంకా పెద్దది. ఆ మధ్యాహ్నం రెండుసార్లు దుప్పటి మెలిపడింది.

మూటల బల్ల దగ్గర ఆ అమ్మాయి ఎడమచేత్తో ముడులు విప్పుతోంది. ఈలాయన ఆమె దగ్గర ఆగి, గోడ గడియారం చూపించి, ఏదో అని వెళ్ళాడు.

బుధవారం ఆపరేషను గది ఆకుపచ్చ దుప్పట్లు వచ్చాయి. అవి బరువు. విదిలిస్తే భుజాలు లాగేస్తాయి. ఎనిమిదో దుప్పటి దగ్గర, మూతక్క అంచు అందిస్తుండగా, వదిన అడిగేసింది.

"ఆ కాగితం ఎక్కడుంది?"

 వదిన దుప్పటి లాగితే గానీ మూతక్క వెనక్కి నడవలేదు.

గ్లౌజులు మందంవి కావాలని రాసిన కాగితం. ముప్ఫై ఒక్క పేర్లు గుండ్రంగా ఉన్న కాగితం. అప్పటికింకా మేనేజరుకి ఇవ్వలేదు, కోటు జేబులోనే ఉంది, ఆ జేబుతోనే ఆ కుర్చీలో రెండు గంటలు కూర్చుంది.

తొమ్మిదో దుప్పటి. వదిన గబగబా అంది. "నువ్వు వెళ్ళాక ముగ్గుర్ని తీసేశారు."

పదోది. "ముగ్గురూ ఆ కాగితంలో ఉన్నవాళ్ళే."

పదకొండోది. "నువ్వు కాగితం వాళ్ళకిచ్చి పోయావన్నారు అందరూ. చచ్చినా ఇవ్వదు, ఎక్కడో భద్రంగా దాచుంటుంది అని నేనే అందరితో పోట్లాడాను."

వదిన కళ్ళలో నీళ్ళున్నాయి. అప్పుడు అర్థమైంది మూతక్కకి. వీళ్ళు ఈలాయనకి భయపడి కాదు మాట్లాడనిది. తనకి భయపడి. పదకొండు నెలలుగా ఎవరిని పైకి పిలిచినా, ఎవరి షిఫ్టు మార్చినా, ఆ కాగితం మేనేజరు సొరుగులో ఉందనుకుంటూ బతికారు. తను ఇంట్లో కూర్చుని ఒక్కర్తే భయపడుతున్నాననుకుంది.

అవును వదినా, భద్రంగా దాచాను అంటే సరిపోతుంది. వదిన మాట నిలబడుతుంది, తన పరువూ నిలబడుతుంది. పన్నెండో దుప్పటి విదిలిస్తున్నంతసేపూ ఆ మాట నాలుక చివర ఉంది. కానీ అలా అంటే, ఏదీ చూపించు అంటారు. చూపించకపోతే అనుమానం. అదీకాక, వదిన మొహం జానెడు దూరంలోకి వచ్చేసరికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"పారేశాను. భయమేసి తొట్టిలో పడేశాను," అంది.

వదిన మడత తీసుకుని వెళ్ళిపోయింది. పదమూడోది మౌనం. పద్నాలుగోది మౌనం.  అయిపోయింది, ఇక ఈ మనిషి తన మొహం చూడదు అనుకుంది మూతక్క. ఆ పిల్లకి మందూ రాదు.

పదిహేనో దుప్పటికి వదిన, "ఏ తొట్టి?" అంది.

పదహారో దుప్పటికి జవాబు. "రెండోది. నానబెట్టే వేడి తొట్టి."

పదిహేడోది. "ఏ రోజు?"

పద్దెనిమిదోది. "మానేసిన రోజు. పైనుంచి దిగగానే."

వదిన చేతిలోంచి దుప్పటి అంచు జారిపోయింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో వదిన అంచు జారవిడవడం ఎవరూ చూడలేదు. ఆకుపచ్చ దుప్పటి ఇద్దరి కాళ్ళ మీద కుప్పగా పడింది. ఇద్దరూ తీయడానికి వంగారు. వంగిన చోట ఈలాయనకి మొహాలు కనబడవు.

"ఓసి నీ తెలివి తగలెయ్య," అంది వదిన. "ఆ రోజు రెండో తొట్టిలో నానింది ఏంటో తెలుసా? ఇవే. ఈ ఆకుపచ్చవి. నూటపది దుప్పట్లకి తెల్లగా కాగితం పీలికలు అంటుకుపోయి వచ్చాయే. మా అయిదుగుర్నీ నిలబెట్టి, ఈల ఊదీ ఊదీ, గోళ్ళతో గీకించాడు రెండు గంటలు. ఏ మూర్ఖురాలు జేబులు చూసుకోకుండా తొట్టిలో వేసిందో అని నేను తిట్టని తిట్టు లేదు."

 జేబులు వెతకనిదే ఏ బట్టనీ తొట్టిలో వెయ్యకూడదని కొత్తవాళ్ళకి నేర్పింది మూతక్కే. కాగితం నీళ్ళలో మాయమైపోదు, పీలికలై బట్టకి పడుతుంది. అది లాండ్రీలో మొదటిరోజు పాఠం. భయంలో అదే మర్చిపోయింది.

"నా పేరు నేనే గోటితో గీకి పారేశానన్నమాట," అంది వదిన. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని మూతక్క హడలిపోయింది. వదిన నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక దుప్పటిలో మొహం దాచుకుంది. "పదకొండు నెలలే. పదకొండు నెలలు నిద్రపోలేదే నేను."

ఈల మోగింది. ఇద్దరూ చెరో రెండు కొసలూ పట్టుకుని లేచారు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఈలాయన కళ్ళారా చూశాడు గానీ, చూసింది ఏమిటో తెలుసుకోలేకపోయాడు. వదిన జత మార్చమని అడిగి పక్క బల్లకి వెళ్ళింది. అక్కడ ఆరు దుప్పట్లు మడిచింది. అక్కడివాళ్ళు ఇంకో బల్లకి వెళ్ళారు. ఒక్కో బల్ల దగ్గర ఒకసారి దుప్పటి కింద పడింది. ఏమిటివాళ చేతులకి నూనె రాసుకొచ్చారా అని అరిచాడు. రోలరు దగ్గరావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్విన ప్రతి మొహంలోనూ నవ్వు తగ్గాక మళ్ళీ భయం కనబడింది. అయితే అది వేరే భయం. ఇప్పుడు చెయ్యాల్సింది తెలిసినవాళ్ళ భయం.

భోజనాల వేళ కడుపు నొప్పులన్నీ తగ్గాయి. వదిన సబ్బుపొడి డబ్బా మూత తెచ్చి మూతక్క ముందు పెట్టింది. మూతక్క చుట్టూ గీస్తుంటే గీత ఒకచోట వంకర పోయింది. మధ్యలో రెండు వాక్యాలు రాసింది. సోమవారం మధ్యాహ్నం మూటల బల్ల దగ్గర వార్డు మూటలోని సూది ఈమె చేతికి గుచ్చుకుంది. మేమంతా చూశాం. కాగితం ఒక దుప్పటి మడతలోకి వెళ్ళింది. ఆ దుప్పటి మధ్యాహ్నమంతా బల్ల నుంచి బల్లకి తిరిగింది. ఏ బల్ల దగ్గర ముందు తెరిచారో మూతక్క చూడలేదు, చూడకూడదని వీపు తిప్పుకుని పని చేసింది.

షిఫ్టు అయ్యాక కోట్లు తగిలించుకునే గదిలో కాగితం ఆమె చేతికి వచ్చింది. ఒక్క పేరుకి చోటు మిగిలి ఉంది. రాసి, మడిచి, వదినకివ్వబోయింది.

"రేపు పొద్దున్నదాకా నువ్వే ఉంచు," అంది వదిన.

"నాకొద్దు వదినా. నా సంగతి తెలిసీ నా దగ్గర పెడతారా? ఇంకెవరైనా ఉంచండి."

గదిలో అందరూ ఆగి చూస్తున్నారు. వదిన ఆమె కోటు జేబు తెరిచి, కాగితం లోపల పెట్టి, పైన చేత్తో తట్టింది.

"భయమేస్తే నువ్వేం చేస్తావో మాకు తెలిసిపోయింది. ఇంకొకళ్ళయితే ఏం చేస్తారో తెలీదు. కానీ జేబులు చూసుకో, అంతే."

గురువారం పది గంటలకి మూతక్క, ఆ అమ్మాయి మెట్లెక్కారు. పద్దెనిమిది మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర మూతక్క ఆగి గోడ పట్టుకుంది. తుంటి విరిగిన అత్తగారే నయం అనుకుంది. ఆ అమ్మాయి కట్టులేని చెయ్యి ఆమె మోచేతి కింద వేసింది.

కుర్చీ అక్కడే ఉంది, గోడ వైపు తిరిగి. మూతక్క కూర్చోలేదు.

"చాలా రోజులైంది," అన్నాడు మేనేజరు. అదే ప్రేమ. "అత్తగారు ఎలా ఉన్నారు? పాప అయిదో క్లాసుకి వచ్చింది కదూ?"

మూతక్క పదకొండు నెలల కిందట ఎంత భయపడిందో ఇప్పుడూ అంతే భయపడింది, రవ్వంత కూడా తగ్గలేదు. కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పక్కన ఆ అమ్మాయి నర్సమ్మ ఇచ్చిన ఖాళీ ఫారం పెట్టింది.

మేనేజరు కాగితం విప్పాడు. పైన ఏదో కింద ఏదో తెలియక ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. "ముందు రాసిందెవరు?"

కిందటిసారి కూడా ఇదే అడిగాడు, కాగితం చూడకుండానే, ఉందని విని. అప్పుడు తెలీదని చెప్పింది అబద్ధం. ముందు రాసింది తనే.

"నాకు తెలీదు సార్," అంది.  ఈసారి అది నిజం.

"సరే, ఉంచి వెళ్ళండి. సోమవారం చూద్దాం."

"మధ్యాహ్నంతో మూడు రోజులైపోతాయి సార్," అంది ఆ అమ్మాయి.

మేనేజరు ఏదో అనబోయాడు. అప్పుడు కింద మోత ఆగిపోయింది. ముందు ఒక రోలరు, తర్వాత రెండోది, తర్వాత అన్నీ. దుప్పట్లు అందుకునేవాళ్ళు లేకపోతే రోలర్లు ఆపాల్సిందే, లేకపోతే ఆపరేషను గది దుప్పట్లు నేల మీద పడతాయి. ఇలా చేస్తారని మూతక్కకి ఎవరూ చెప్పలేదు. ఆ నిశ్శబ్దంలో గోడ గడియారం కూడా వినబడింది. ఈల మోగుతూనే ఉంది, అదొక్కటే.

మేనేజరు కలం మూత తీశాడు.

ఆ అమ్మాయి ఫారం పట్టుకుని ఆసుపత్రి వైపు పరుగెత్తడం మెట్ల కిటికీలోంచి కనబడింది. మూతక్క కిందికి దిగి తన బల్ల దగ్గరికి నడిచింది. వదిన ఒక దుప్పటి కొసలు రెండూ పట్టుకుని సిద్ధంగా ఉంది. రోలర్లు మళ్ళీ కదిలాయి. ఒక్క విదుపు విదిలించి, కొసకు కొస కలిపి, దగ్గరికి వచ్చారు.

"పెట్టాడా?"

తర్వాతి దుప్పటికి, "పెట్టాడు."

తర్వాతి దుప్పటి.

"భయమేసిందా?"

మూతక్క అంచు అందించి వెనక్కి నడిచింది. ఇంకో దుప్పటి అందుకుంది.

"చచ్చేంత."

వదిన ఆ మడత తీసుకుని వెళ్ళి, పేర్చి, మళ్ళీ వచ్చింది. చేతులు కలిశాయి. ఈసారి వేళ్ళు పక్కకి తప్పించలేదు, గట్టిగా పట్టుకుంది. చల్లగా ఉన్నాయి ఆ వేళ్ళు.

"నాకూ," అంది.